మా మైనపు తీగె

ఉగాదినాడు పులిహోర పొట్లాలు పంచుతున్న బల్ల దగ్గిర సంపాదకులుగారు మమ్మల్ని పట్టుకున్నారు. "డాక్టర్లు గదా, ఈ నెలకి ఏదయినా రాసివ్వండి" అన్నారు. రక్తపోటు గురించీ, చక్కెర జబ్బు గురించీ ఇదివరకే రాసేం. చదివి తీపి మానేసినవాళ్ళు ఎవరూ మాకు కనబడలేదు. ఆ పూట బల్లమీద ఒక్క బొబ్బట్టు కూడా మిగలకపోవడమే అందుకు సాక్ష్యం. అంచేత ఈసారి జబ్బుల జోలికి పోకుండా ఒక మొక్క గురించి రాస్తామన్నాం. ఆయన "సరే, పొట్టిగా రాయండి" అన్నారు. అది మాత్రం మా చేత కాలేదు.

ముందుగా ఒక మనవి. "మేము" అంటే మేమిద్దరం. ఇద్దరమూ ఆంధ్రదేశంలో వైద్యం చదువుకుని 2016లో ఒమాన్ వచ్చినవాళ్ళమే. ఇద్దరికీ ఇంకా నలభై రాలేదు. ఈ వ్యాసంలో ఏ తప్పు ఎవరు చేసేరన్నది చెప్పకూడదని ఇంట్లో ఒప్పందం కుదిరింది. కాబట్టి మొదటినుంచి చివరిదాకా అంతా "మేము"నే.

మాది అల్ ఖువైర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ పడమటి వైపు. అంతకన్న చెప్పనక్కరలేదు. మొదటి ఏడాది అందరిలాగే తులసి, మల్లె, కరివేపాకు కుండీల్లో పెట్టేం. చలికాలమంతా అవి మమ్మల్ని మురిపించేయి. జూలైలో నెల సెలవు మీద ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి మూడు కుండీల్లోనూ మూడు పుల్లలు నిలబడి ఉన్నాయి. నీళ్ళు పొయ్యమని పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చే వెళ్ళేం. పాపం, వాళ్ళూ సెలవు మీద వెళ్ళిపోయేరు. మరుసటేడు కూడా ఇదే కథ. ఇక మొక్కలు వద్దనుకున్నాం.

2018లో మాతో పనిచేసే ఫిలిప్పీన్స్ సిస్టరు ఒకామె ఖాళీ సెలైన్ సీసాలో ఒక కొమ్మ పెట్టి తెచ్చి ఇచ్చింది. రెండు కణుపులు, నాలుగు ఆకులు. ఆకులు దళసరిగా, నున్నగా, మైనం పూసినట్టున్నాయి. "దీన్ని చంపడం కష్టం డాక్టర్, మీలాంటి వాళ్ళకే ఇది" అంది. మా బాల్కనీ చరిత్ర ఆస్పత్రిలో అందరికీ తెలుసు. దాని పేరు హోయా. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మైనపు మొక్క అంటారు గనుక మనం మైనపు తీగె అందాం. ఆ ఏడాది జూన్ నెలలోనే మనకి దగ్గిర్లోని ఖురియ్యాత్‌లో ఒక రోజు పగలూ రాత్రీ కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకన్న దిగలేదు. ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ వార్త రాసేయి. అటువంటి ఏట మా ఇంట అడుగుపెట్టి, మేము నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చినా పచ్చగా నిలబడింది ఆ తీగె.

ఎలా నిలబడిందంటే, దాని ఊపిరి పద్ధతి వేరు. మామూలు మొక్కలు పగటిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే నీరంతా ఆవిరై పోతుంది. ఈ జాతిలో చాలా తీగెలు రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, కావలసిన గాలి అప్పుడు దాచుకుని, పగలు తలుపులు బిగించుకుని వంట చేసుకుంటాయి. మస్కట్‌లో ఎండాకాలం మనం చేసేదీ అదే గదా! పగలు కిటికీ తెరలు దించుకుని, రాత్రి తొమ్మిది దాటేక మత్రా సముద్రపొడ్డుకి బయలుదేరతాం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఈ తీగె ఆ చట్టాన్ని పుట్టుకతోనే పాటిస్తోంది.

హోయాలు కొన్ని వందల రకాలు. మన దేశంలో పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. ఫిలిప్పీన్స్, థాయిలాండు మొదలుకొని ఆస్ట్రేలియా దాకా ఉన్నాయి. చాలా మటుకు చెట్ల కొమ్మలు పట్టుకుని పాకుతూ గాల్లో బతికేవే గాని నేలలో దిగి బతికేవి కావు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే పెంపకం సగం వచ్చినట్టే. బంకమట్టి, బురద మట్టి దీనికి పనికిరావు. మేము వేసేది కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు, పెద్ద కొబ్బరి పీచు ముక్కలూ చెట్టు బెరడు ముక్కలూ కలిపి ఒక పాలు, పెర్లైటు ఒక పాలు, పైన గుప్పెడు బొగ్గు ముక్కలు. బొగ్గంటే మాంసం కాల్చుకునేందుకు అమ్మే కట్టెబొగ్గు. సాంబ్రాణి ధూపానికి వాడే బిళ్ళ బొగ్గు మాత్రం వద్దు. త్వరగా అంటుకోవడానికి దాంట్లో మందు కలిపి ఉంటుంది. కుండీ చిన్నదే ఉండాలి. వేళ్ళు ఇరుకైతేనే ఈ తీగెకి పూతమీద బుద్ధి పుడుతుంది.

నీళ్ళ సంగతి. నీళ్ళు లేక చచ్చిన హోయాని మేము చూడలేదు గాని, ఎక్కువై కుళ్ళిన వాటిని ముగ్గురు స్నేహితుల ఇళ్ళల్లో చూసేం. పైన రెండంగుళాలు ఆరేక పొయ్యండి. అనుమానం వస్తే ముదురాకు పట్టుకుని మెల్లిగా వంచండి. అప్పడంలా బిగుసుకుని ఉంటే నీళ్ళక్కర్లేదు. చపాతీలా మడత పడితే పొయ్యాలి. మస్కట్ కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిలో ఉప్పు తీసేసినదే గనుక దానితో ఇబ్బంది లేదు. బాతినా వైపు బావి నీళ్ళు వాడే మిత్రులు మాత్రం జాగ్రత్త పడాలి. అక్కడ బావుల్లోకి సముద్రం చొరబడి నీళ్ళు ఉప్పెక్కేయి. ఆకు అంచులు మాడితే ముందు నీటినే అనుమానించండి. ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టుకుంటే ఆ నీరూ బాగానే పనికొస్తుంది. ఏసీ గాలి మాత్రం సూటిగా తగలకూడదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తూర్పు కిటికీ లోపల, నవంబరు నుంచి మార్చి దాకా నీడ బాల్కనీలో. ఇదీ మా పద్ధతి.

ఇక మా తప్పులు.

మొదటి తప్పు హృదయం ఆకు. ఒక పెళ్ళిరోజుకి ఇక్కడి దుకాణంలో చిన్న కుండీలో ఒకే ఒక ఆకు గుచ్చి అమ్ముతుంటే కొన్నాం. అచ్చంగా హృదయం ఆకారం. అదీ హోయాయే, పేరు హోయా కెర్రీ. సయాం దేశంలో పనిచేసిన కెర్ అనే ఐరిష్ డాక్టరు పేరు మీద 1911లో ఆ పేరు పెట్టేరు. డాక్టరు పేరున్న మొక్క, హృదయం ఆకారం! మాకు ఇంతకన్న ఏం కావాలి? రెండేళ్ళు సాకేం. ఆకు పచ్చగా ఉంది, తీసి చూస్తే తెల్లటి వేళ్ళున్నాయి. చిగురు మాత్రం లేదు.

అప్పుడు నాన్నగారికి ఫోనులో చూపించేం. నాన్నగారంటే మాలో ఒకరికి కన్నతండ్రి, ఇంకొకరికి మామగారు. పిలుపు మాత్రం ఇద్దరిదీ ఒకటే. సామర్లకోట దగ్గిర హైస్కూల్లో సైన్సు మేష్టరుగా చేసి రిటైరయ్యేరు. కళ్ళజోడు పైకెత్తి ఫోనులోకి చూసి, "కణుపేదీ? కణుపు లేంది చిగురెక్కణ్ణుంచి వస్తుందర్రా? అది బతుకుతుంది, వేళ్ళూ వేస్తుంది. పెరగదు అంతే" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఉత్త ఆకుని గుచ్చితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కాడలో కణుపు ముక్క ఉంటేనే తీగె అవుతుంది. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాళ్ళం గనుక ఆ మాట మాకు ఆ రాత్రి కాస్త గుచ్చుకుంది. ఆయన మాత్రం మొక్క గురించే అన్నారు.

నాన్నగారికి మొక్కల పిచ్చి వెనకాల ఒక గర్వం ఉండేది. కుంఫిణీవారి కొలువులో డాక్టరుగా వచ్చిన రాక్స్‌బరో సామర్లకోటలో 1781 ప్రాంతాన తోట వేసి, మన కోస్తా మొక్కలు బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లతో సహా పుస్తకాలకి ఎక్కించేడు. 1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళేడు. "వైద్యం చదివినవాడు మొక్కల్ని చూడకపోతే సగం చదువే" అని నాన్నగారు మమ్మల్ని దెప్పడానికి రాక్స్‌బరోని వాడుకునేవారు. అందుచేత మేము మొక్కలు చంపిన ప్రతిసారీ ఆయనకి చెప్పక తప్పేది కాదు.

2021 మార్చిలో సిస్టరు ఇచ్చిన తీగె మొదటిసారి పూసింది. మూడేళ్ళు ఆకులే. ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా తీపి వాసన. వంటింటి కిటికీ దగ్గిర బంతిలాంటి గుత్తి, పాతిక పైన పూలు. ఒక్కొక్కటి ముదురు గులాబీ రంగు అయిదు రేకుల నక్షత్రం, మధ్యలో ఇంకో చిన్న నక్షత్రం, దాని మీద తేనె బొట్టు. కొబ్బరి మిఠాయి మీద అచ్చు గుద్దినట్టు. వెంటనే ఫోను చేసేం. అక్కడ అర్ధరాత్రి దాటింది. నాన్నగారు లేచి కూర్చుని చూసేరు. "కాడ తుంపితే పాలొస్తాయా?" అని అడిగేరు. వస్తాయన్నాం. "అయితే ఇది జిల్లేడుకి చుట్టమే. పువ్వు చూడండి, జిల్లేడు పువ్వు లేదూ?" అన్నారు.

అవును, రెండూ ఒకే కుటుంబం. పుప్పొడి పొడిలా రాలకుండా చిన్న పొట్లాలుగా ఉండడం, అది పురుగు కాలికి చిక్కుకుని పోవడం రెండింటికీ ఉంది. రథసప్తమికి ఏడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసిన మనం, వాదీల్లో పెరిగే ఒమాన్ జిల్లేడుని ఎన్నిసార్లు చూసినా, ఇంట్లో ఉన్న దాని చుట్టాన్ని పోల్చుకోలేకపోయేం. డాక్టర్లుగా ఒక మాట: జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది. వెంటనే నీళ్ళతో చాలాసేపు కడిగి ఆస్పత్రికి రావాలి. హోయా పాలు అంత చెడ్డవి కావు. అయినా కత్తిరించేక చేతులు కడుక్కోండి, కంటికి తగలనివ్వకండి.

ఆ రాత్రి ఫోను పెట్టేముందు నాన్నగారు, "ఈసారి వచ్చేటప్పుడు నాకో కొమ్మ పట్రండి" అన్నారు. తెస్తామన్నాం.

మర్నాడే కొమ్మ కోసేం. ఎలాగంటే: మరీ లేతదీ కాక, ముదిరి చెక్కబారినదీ కాక, నడిమి వయసు తీగె ఎంచుకోవాలి. రెండు కణుపులు ఉండాలి. శుభ్రమైన బ్లేడుతో కింది కణుపుకి అరంగుళం దిగువన కొయ్యాలి. కింది ఆకులు తీసేసి, పాలు కారడం ఆగేదాకా ఓ గంట నీడలో పెట్టాలి. తరవాత నీళ్ళ సీసాలో కింది కణుపు మునిగేటట్టు ఉంచి, వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చాలి. లేదా తడి పీచులో గుచ్చి పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీ కప్పాలి. మూడు నాలుగు వారాల్లో వేళ్ళు వస్తాయి. మేము సిస్టరు ఇచ్చిన ఆ పాత సెలైన్ సీసాలోనే పెట్టేం. ఏప్రిల్ మధ్యకి తెల్లటి వేళ్ళు వచ్చేయి. జూలై సెలవుకి సిద్ధం అనుకున్నాం.

ఆ ఏప్రిల్, మే నెలలు ఎలాంటివో మీకందరికీ తెలుసు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళని ఏప్రిల్ 24 నుంచి ఒమాన్ రానివ్వడం ఆపేసేరు. సెప్టెంబరు 1 దాకా అది నడిచింది. మేలో నాన్నగారికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి ఆస్పత్రిలో చేర్చేరు. ప్రాణవాయువు అంకెలు ఫోనులో వచ్చేవి. తొంభై. ఎనభై ఆరు. ఎనభై ఒకటి. ఆ అంకెలు మాకు ఏం చెబుతాయో అమ్మకి తెలియదు. తెలియకుండా ఉంచడమే మేము ఆ వారం చేసిన వైద్యం.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. దారి మూసేసేరు గనుక వెళ్ళలేకపోయేం అని చాలామందికి చెప్పేం. కాని ఆ నిషేధంలో వైద్య సిబ్బందికి మినహాయింపు ఉంది. వెళ్ళాలంటే వెళ్ళి రావచ్చు. మా వార్డుల్లో కూడా మంచాలు ఖాళీ లేవు, పనిచేసే వాళ్ళల్లో సగం మంది జ్వరంతో పడుకున్నారు. వెళ్దామని ఒకరం, ఈ మంచాలు ఎవరు చూస్తారని ఒకరం. రెండు రాత్రులు అదే మాట. మూడోరోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. ఇక వెళ్ళినా చూడనివ్వరు అన్నారు. ఆ రోజు ఇద్దరమూ డ్యూటీకి వెళ్ళేం.

ఆ తరవాత అయిదు వారాలు మేము తీగెకి నీళ్ళు పొయ్యలేదు. మరిచిపోయేం. అది చావలేదు. ఒకరోజు హఠాత్తుగా గుర్తొచ్చి, ఇల్లంతా సర్దాలన్న పిచ్చి పట్టి, పూలు రాలిపోయి బోడిగా వేలాడుతున్న కాడలన్నీ కత్తిరించి పారేసేం. ఇది మా రెండో తప్పు, అన్నిటికన్న పెద్దది. సిస్టరు 2019లోనే బ్రిటన్ వెళ్ళిపోయింది. ఆమెకి ఫొటో పంపితే, "అయ్యో, ఎందుకు కోసేరు? ఆ కాడ మీదే మళ్ళీ మళ్ళీ ప్రతి ఏడూ పూస్తుంది" అని రాసింది. హోయాలో పూలు రాలినా పూకాడ బతికే ఉంటుంది. దాని కొసనే మళ్ళీ మొగ్గలు కడుతుంది. ఎండిపోయినట్టుందని కోసేస్తే, కొత్త కాడ వచ్చేదాకా పూత ఉండదు. మాకు 2022లో ఒక్క పువ్వు లేదు. 2023 ఏప్రిల్‌లో గాని మళ్ళీ పూయలేదు. అలాగే ఆకుల్లేకుండా మూరెడు పొడవు తీగెలు చాచినప్పుడు కూడా కొయ్యకండి. ముందు చెయ్యి చాచి పట్టు వెతుక్కుంటుంది, పట్టు దొరికేక ఆకులు వేస్తుంది.

సీసాలో కొమ్మ మాత్రం అలాగే ఉంది. దాన్ని కుండీలో నాటడానికి మాకు చేతులు రాలేదు.

2022 సంక్రాంతికి ఇంటికి వెళ్ళగలిగేం. కొమ్మ తీసుకెళ్ళలేదు. మొక్కని దేశం దాటించాలంటే తెగుళ్ళు లేవని ధ్రువపత్రమూ, అక్కడి అనుమతీ కావాలని ఈలోగా తెలుసుకున్నాం. తెస్తామని ఒప్పుకున్న రోజున అది కూడా మాకు తెలియదు. పెరట్లోకి వెళ్తే నూతి గట్టు పక్కన, మామిడి నీడలో కొత్త వెదురు పందిరి ఉంది. దాని మీద ఏ పాదూ లేదు. ఇదేమిటమ్మా అని అడిగేం. "మీరు తెస్తామన్న తీగె కోసం. ఉగాది వెళ్ళిన వారంలో మనిషిని పిలిచి కట్టించేరు. ఇంకేదయినా పాకిద్దామంటే ఒప్పుకోలేదు" అంది అమ్మ.

మర్నాడు కడియం వెళ్ళేం. కడియం నర్సరీల గురించి మన గోదావరివాళ్ళకి చెప్పనక్కర్లేదు. రెండో నర్సరీలోనే హోయా వేలాడుతోంది, మా తీగె రకమే. నూట యాభై రూపాయలు. ఇంటికి గంటన్నర దూరంలో ఏ రోజు కావాలన్నా దొరికే మొక్క! నెలకోసారి కడియం వెళ్ళే నాన్నగారికి ఆ సంగతి తెలియకపోదు. ఆయన అడిగింది మొక్కని కాదని అప్పుడు తెలిసింది. తెచ్చి పందిరి కింద పెట్టేం. నాటింది అమ్మే.

తిరిగొచ్చిన రోజునే సీసాలో కొమ్మని కుండీలోకి మార్చేం. ఇప్పుడు మా కిటికీ నిండా ఉన్నది అదే.

మరొక్క చిట్కా చెప్పి ముగిస్తాం. ఆకు మొదట్లో తెల్ల దూదిలా పిండినల్లి పడితే భయపడకండి. ఇంజక్షనుకి ముందు తుడిచే స్పిరిటు దూది ఉంటుంది చూడండి, దానితో ఒక్కొక్కటే తుడిచి, వారం వారం మళ్ళీ చూడాలి. మొగ్గల మీద ముదురు పసుపు పేనుబంక వస్తుంది. అది జిల్లేడు మీద ఉండే పేనుబంకే. చుట్టరికం పురుగులక్కూడా తెలుసు! కుళాయి కింద నీళ్ళ ధారతో కడిగేస్తే చాలు.

కిందటి వారం అమ్మ ఫోను చేసి, "ఆకుల్లేకుండా ఉత్త తీగె మూరెడు పెరిగింది, కోసెయ్యనా?" అని అడిగింది. "వద్దమ్మా, అది పట్టు కోసం వెతుకుతోంది" అన్నాం. అక్కడ ఇంకా పూయలేదు. హృదయం ఆకు మాత్రం మా బల్లమీద ఇప్పటికీ ఒంటరిగా, పచ్చగా, కులాసాగా ఉంది.

మా తీగెకి ఇప్పటికి పదకొండు పిల్లలు మస్కట్‌లో, ఒకటి నిజ్వాలో పెరుగుతున్నాయి. కావలసినవాళ్ళు శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రండి. ఖాళీ పెరుగు డబ్బా ఒకటి అడుగున చిల్లులు పెట్టి తెచ్చుకోండి. రెండు కణుపులు చూసి మరీ కోసిస్తాం. వచ్చినవాళ్ళకి టీ ఉంటుంది. రక్తపోటు కూడా చూస్తాం.